చివరి మడి వంతు

ఇనుప చక్రం మూడో తిప్పుకి ఎప్పటిలాగే బిగుసుకుంది. లష్కరు కాళ్లు ఎడంగా పెట్టి, భుజంతో ఒక్క తోపు తోశాడు. తూము తలుపు మూలుగుతూ జానెడు లేచింది. కిందనుంచి మడ్డి నీళ్లు నురగతో బయటపడ్డాయి. చేతి గడియారం చూసుకున్నాడు. ఆరున్నర. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ కాలువ తూములు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. ఏ రోజూ ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. అందుకే అందరూ అతన్ని గడియారం అంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోడు, పైగా లోలోపల మురిసిపోతాడు.

మోకాళ్లు అరిగిపోయాయి. ఎడమ చెయ్యి వారం రోజులుగా ఉండుండి మొద్దుబారుతోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే సెలవు పెట్టమంటారు. సెలవు పెడితే ఆ చక్రాన్ని ఎవడో వచ్చి ఇష్టం వచ్చినట్టు తిప్పేస్తాడని అతని దిగులు. అంతకుమించి చెప్పుకోదగ్గది అతని దగ్గర ఏదీ లేదు మరి.

వెనకటికి ఇంత అలసట లేదు. వానలు వేళకి పడేవి, కాలువ ఒడ్డు ఒరుసుకుని పారేది. ఆరేడేళ్లుగా అంతా తారుమారయింది. పడితే మూడు నెలల వాన మూడు రోజుల్లో పడి గట్లు తెంపుకుపోతుంది. లేదంటే నలభై రోజులు మబ్బు మొహం చాటేస్తుంది. ఎండ మాత్రం నెల ముందే వచ్చి కూర్చుంటుంది, ఎంతకీ లేవదు. పొమ్మనడానికి చుట్టమా! అందుకే వంతులు పెట్టారు. వారానికోసారి, ఒక్కొక్కరికి ఇన్ని గంటలని. కాగితం మీద గీసింది ఆఫీసువాళ్లు, ఎండలో నిలబడి అమలు చేసింది గడియారం.

కాలువ చిట్టచివర, నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న ఎకరన్నర వరిచేను అతని చెల్లెలిది. ఆమె వంతు మూడు గంటలు. పోయిన పంటలో చేను పొట్టమీద ఉండగా, కంకి బయటికొచ్చే ముందు, తడి చాలక సగానికి సగం తాలుపోయింది. ఈసారీ చేను సరిగ్గా పొట్టమీదే ఉంది. ఇవాళ నీళ్లు అందకపోతే మళ్లీ తాలే. ఆ సంగతి తెలిసీ ఆమె వంతు రోజున అతను మరీ బిర్రబిగుసుకుపోయేవాడు. చెల్లెలికి దోచిపెట్టాడన్న మాట పడటం అతనివల్ల కాదు.

తూము పక్క మొదటి చేను బావది, మేనమామ కొడుకు. ఎనిమిదిన్నర దాకా ఆయన వంతు. ఆయన చేలో చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ గొట్టం ఒకటి పాతి ఉంది. దాన్లో నీళ్లు నేలమట్టానికి జానెడు కిందికి దిగితేనే మళ్లీ తడి పెట్టాలి. వ్యవసాయాధికారి ఆ మాట చెప్పినప్పుడు అందరికంటే ఎక్కువ వెక్కిరించింది బావే. ఇప్పుడు పొద్దున్నే అందులోకి తొంగిచూడనిదే టీ తాగడు.

"ఏం బావా, ఏమైనా కనపడిందా?"

"నీ మొహమే కనపడింది. తెల్లారగానే చూడాల్సిన మొహమా అది?" బావ నడుం పట్టుకుని లేచాడు. "నాలుగు వేళ్లే దిగాయి. నాకివాళ తడి అక్కర్లేదు. మా మరదలికి వదిలెయ్."

"చెల్లి వంతు ఎనిమిదిన్నరకి కదా."

"అప్పుడు నా మడి మూసి కిందికి వదుల్తావ్. మరి నీళ్లు తన చేలోకి ఎన్నింటికి చేరతాయ్?"

గడియారం కాలువ దిగువకి చూశాడు. వంతు ముగిసేదాకా తూము దగ్గర నిలబడటమే తప్ప నీళ్ల వెంట నడిచి ఎరగడు. కాలువ నిండుగా ఉన్న రోజుల్లో ఆ అవసరమూ రాలేదు.

"నెర్రెలిచ్చిన కాలువరా అది. ముందు అది తాగాలి, ఆ తర్వాతే ఎవరికైనా. మూడు గంటలూ నువ్విస్తున్నది మీ చెల్లెలికి కాదు, కాలువకి."

బావ నవ్వుతూనే అన్నాడు. అతనికి మాత్రం చెంప ఛెళ్లుమన్నట్టయింది.

అతను బావ మడి మూసి, నీళ్ల వెంట బయల్దేరాడు. నీళ్లు పారడం లేదు, పాకుతున్నాయి. ఒక్కో నెర్రె దగ్గర ఆగి, బుడగలు వదులుతూ దాన్ని నింపి, అప్పుడు ముందుకు కదుల్తున్నాయి. అవి ఆగినచోటల్లా అతనూ ఆగాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఎడమ చెయ్యి రెండుసార్లు తనది కానట్టు వేలాడింది. కుడిచేత్తో దాన్ని పట్టుకుని నడిచాడు.

చివరి మడి దగ్గర చెల్లెలు పార పట్టుకుని నిలబడి ఉంది. నీళ్లు మడి నోటికి తగిలేసరికి తొమ్మిదయింది. రెండున్నర గంటల ప్రయాణం. అతను మనసులో లెక్క వేసుకున్నాడు. ఎనిమిదిన్నరకి వదిలితే పదకొండుకి చేరతాయి, పదకొండున్నరకి వంతు అయిపోతుంది. ఇన్ని వారాలూ ఆమెకి దక్కింది అరగంట.

గట్టు మీద పడున్న పుల్ల ఒకటి తీసి, నీళ్లు తాకినచోట గుచ్చాడు.

"ఇక్కణ్ణుంచి నీ మూడు గంటలు. పన్నెండు దాకా."

"కాగితంలో పదకొండున్నరే కదా అన్నయ్యా. నలుగురూ నిన్ను అనరూ?"

"అననీ. అరగంటకి ఎన్ని మాటలొస్తాయో అన్నీ పడతాను." పుల్లని ఇంకాస్త లోతుకి నొక్కుతూ అడిగాడు. "నీకు దక్కేది అరగంటేనని ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి అడగలేదేం?"

ఆమె పారతో మట్టి పక్కకి లాగింది. "అడిగితే నువ్వు ఇవ్వలేవు. ఇవ్వలేదని అన్నం మానేస్తావు. ఎందుకులే అనుకున్నా."

అతను తల తిప్పుకున్నాడు. ఆమె మీద జాలి, తన మీద అసహ్యం ఒక్కసారే ముంచుకొచ్చాయి. కళ్లు తుడుచుకుంటే కనిపెడుతుందని తుడుచుకోలేదు.

"కాసేపు నడుం వాలుస్తాను. పన్నెండుకి లేపు."

"నిన్ను లేపాలా! అందరినీ లేపేదే నువ్వు కదా," అని ఆమె నవ్వి మడిలోకి దిగింది.

గట్టు మీది చెట్టునీడలో అతను తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. ఆమె ఒక మడి నుంచి ఇంకో మడికి నీళ్లు తిప్పుతూ పోయింది. చుట్టలు పడిన ఆకులు మెల్లగా విచ్చుకుంటున్నాయి. చివరి మూల కూడా తడిసింది. రెండేళ్లలో ఆ మూల తడవడం అదే మొదటిసారి. ఆ సంగతి అన్నకి చెప్పాలని గబగబా వచ్చింది.

పిలిచింది. మళ్లీ పిలిచింది. భుజం పట్టుకుని కదిపితే చెయ్యి గట్టు మీదికి జారిపోయింది. తువ్వాలు తీసి చూసింది. అక్కడే కూలబడింది. ఆ చేతికున్న గడియారంలో పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. అన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆ నాలుగు నిమిషాలూ అలాగే కూర్చుంది.

పన్నెండు కాగానే లేచింది. పారెడు పారెడుగా మట్టి తెచ్చి తన మడి నోరు పూడ్చి, నీళ్లు పక్క రైతు మడికి తిప్పింది. చెల్లెలికి ఒక్క నిమిషం ఎక్కువ పెట్టాడని రేపు ఎవరూ అనకూడదు. పార అక్కడే పడేసి, వచ్చి అన్న పక్కన కూర్చుని, అప్పుడు గొల్లుమంది.

పూడ్చిన నోటి దగ్గర అతను గుచ్చిన పుల్ల నిలబడే ఉంది, సగం దాకా తడిసి.