రుమాలు రెండో కొస

"నా నీలం రుమాలు మళ్లీ బడికి పట్టుకుపోతున్నావా?" బీరువా తలుపు పట్టుకుని భర్త అడిగాడు.

"ఇన్ని రుమాళ్లుండగా దానిమీదే పడిందా మీ కన్ను?" జడ అల్లుకుంటూనే ఆమె అంది.

"కన్ను కాదు, ముక్కు. జలుబు చేసింది."

కూతురు పుస్తకాలు సర్దుకుంటూ మూతి తిప్పింది. "అది అమ్మకి బళ్లో ఉన్న కూతురిది నాన్నా. మనకివ్వదు."

బళ్లో ఆయాగా ఆమె పని ఒక్క పిల్ల పక్కన కూర్చోవడం. ఆ పిల్ల కోపమొస్తే కొరుకుతుంది, ఎవరైనా తాకితే కేకలు పెడుతుంది. పిల్లలంతా సీమటపాకాయ అంటారు. తోటివాళ్లతో కలిసేలా చూడమని టీచరు ఆమెకు అప్పగించింది. చెయ్యి పట్టుకోనివ్వదు కనుక రుమాలు ఒక కొస పిల్లకిచ్చి, రెండో కొస తాను పట్టుకుని నడిపిస్తుంది. ఏడాదిగా ఆ కొస మరెవరి చేతికీ పోలేదు.

ఆ రోజు ఆటల గంటకు వరసలో నిలబడ్డప్పుడు, పిల్ల ఆమె చేతిలోంచి ఆ కొస లాగి రెండు జడల పిల్లకు అందించింది.

"నువ్వు పట్టుకో. గట్టిగా లాగొద్దు."

"మురికిగా ఉందమ్మా, ఇలా ఇవ్వు," అని ఆమె రుమాలు తీసి నడుముకు దోపుకుంది. ఆ ఉదయమే ఉతికి ఇస్త్రీ చేసిన రుమాలు.

పిల్ల నేలమీద పడి కేకలు పెట్టింది. మిగతావాళ్లు దూరం జరిగారు. ఇక తన దగ్గరికే వస్తుందని ఆమె నింపాదిగా నిలబడింది. ఆ నింపాదికి ఆమెకే సిగ్గేసింది.

రెండు జడల పిల్ల తన రిబ్బను విప్పింది. మీదికి పోకుండా, జానెడు ఎడంగా కూర్చుని ఒక కొస నేలమీద పెట్టింది. రోజూ ఆమె కూర్చునేది సరిగ్గా అంత ఎడంగానే.

"ఇది పట్టుకో. లాగనులే."

కేకలు ఆగాయి. ఆమె రుమాలు తీసి ఇద్దరి మధ్యా పెట్టింది.

రాత్రి అన్నాల దగ్గర, కూతురి కంచంలో కూర వేస్తూ అంది: "హెడ్మాస్టరమ్మతో చెప్పాను. రేపటినుంచి వేరే తరగతికి మారుతున్నా."

"మరి నీ సీమటపాకాయ?" అన్నాడు భర్త.

"తోడు దొరికింది. నేనక్కడే ఉంటే ఆ కొస మళ్లీ లాక్కుంటాను."

కూతురు తన కంచం తల్లి పక్కకు జరుపుకుంది. భర్త ముక్కు ఎగబీల్చాడు. "నా రుమాలో?"

తాళం వేసిన తరగతిలో, ఆ ఇద్దరు పిల్లల బల్లల కాళ్లకు చెరో కొస కట్టిన నీలం రుమాలు వదులుగా వేలాడుతోంది.