చప్పిడి కూర

మల్లాపూర్ కంపెనీలో మిషన్ దగ్గర కళ్లు తిరిగి పడ్డ రోజు నుంచి బాలరాజుకు ఇంట్లో చప్పిడి తిండే. బీపీ మరీ ఎక్కువుంది, ఉప్పు తగ్గించాలి, పచ్చళ్లు మానాలి, పొద్దున్నే నడవాలి అన్నాడు డాక్టరు. భార్య దీప అంతటితో ఊరుకునే మనిషా! మామిడికాయ తొక్కు జాడీ పక్కింటికి ఇచ్చేసింది. తెల్లారకముందే మొగుణ్ణి లేపి నాచారం గల్లీలన్నీ తిప్పింది. అతనికి కూర వేరే గిన్నెలో, ఉప్పు పలుకు తగలకుండా వండింది.

ఆ గిన్నె చూసి బాలరాజు తల్లి వెంకటనర్సమ్మ గుండెల్లో రాయి పడింది. ఉప్పు లేని ముద్ద పోయినవాళ్లకు పెడతారు గాని బతికున్న మనిషికి పెడతారా? పెనిమిటికి పిండం పెట్టిన రోజే కళ్ల ముందు కదిలింది. కోడలు స్నానానికి వెళ్లగానే కొడుకు గిన్నెలో చిటికెడు ఉప్పు కలిపింది. రోజులు గడిచేసరికి చిటికెడు కాస్తా చెంచాడయింది.

"అలవాటైతే చప్పిడి గూడ మంచిగనే ఉంటదే" అంటూ తినేవాడు బాలరాజు, పాపం. తల్లి మురిసిపోయేది.

బీపీ మాత్రం దిగలేదు. గోళీలు పెరిగాయి. ఉప్పల్ దవాఖానా నుంచి వస్తూనే దీప మొగుడి మీద విరుచుకుపడింది.

"కంపెనీల అందరి డబ్బాలల్ల తొక్కు తింటున్నవా?"

"నీ మీద ఒట్టు, ముట్టలే."

దీప కూలబడి ఏడ్చింది. "గిట్లనే ఉంటె నెత్తిల నరం పగులుతదన్నడు డాక్టరు. ఇంకేం జెయ్యాలె అత్తమ్మా నేను?"

వెంకటనర్సమ్మ కోడలి వీపు నిమిరింది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. పెట్టినవాళ్ల సంగతి ఎవరూ చెప్పరు. మర్నాడు ఉప్పు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

ఆ రోజు కంపెనీకి సెలవు. మధ్యాహ్నం ఇంట్లోనే కూర్చుని బాలరాజు మొదటి ముద్ద తిని మొహం చిట్లించాడు.

"ఏందే, ఇయ్యాల కూరల ఉప్పే లేదు?"

"ఎన్నడేసిన?" అని నవ్వబోయి దీప ఆగిపోయింది. మెల్లగా అత్త వైపు తిరిగింది.

"నేనే బిడ్డా..." అంది వెంకటనర్సమ్మ.

అప్పుడే బాలరాజు చేతిలోంచి రెండో ముద్ద జారింది. తీయబోతే వేళ్లు ముడుచుకోలేదు. మూతి ఓ పక్కకు లాగింది. "అమ్మా, చెయ్యి..." అన్నాడు, తర్వాతి మాట అర్థం కాలేదు.

దీప ఆటో కోసం గల్లీలోకి పరుగెత్తింది. తల్లి కొడుకు తలను ఒళ్లో పెట్టుకుంది. కంచంలో ఉప్పు లేని ముద్ద అలాగే మిగిలింది.