నలభై మూడో పేజీ దగ్గర

ఇదంతా మీరే చేశారు మేనేజరు గారూ. పదకొండు నెలలు విచారణను సాగదీసి, అందరి బుర్రలూ పాచిపట్టాక, ఇప్పుడు తీరిగ్గా "ఆ రోజు నువ్వు ఏం చూశావు?" అని నన్ను అడుగుతున్నారు.

మీ ప్రెస్సు మిషను మా బావ కుడిచేతి వేళ్లు రెండు తినేసింది. మిషను ముందు ఇనుప జాలీ బిగించి ఉంటే చెయ్యి లోపలికి పోదు. జాలీ బావే తీశాడంటారు మీరు. ఫోర్‌మాన్ తీస్తుంటే నా కళ్లతో చూశానని నేను రాసిచ్చాను. ఫ్యాక్టరీ గేటు ముందు మీటింగుల్లో మైకులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సోమవారం విచారణలో నా మాట వీగిపోతే బావ ఉద్యోగం ఊడుతుంది.

నిన్న లైబ్రరీ నుంచి ఒక నవల తెచ్చాను. అందులో ఒకామె చిన్నప్పటి ఇంటిని తలుచుకుంటూ ఉంటుంది. మొదట్లో తలుపు ఆకుపచ్చ అంది. ఇరవై పేజీలు తిరిగేసరికి నీలం అంది. రెండుసార్లూ ఒట్టేసింది. రాసినాయన నిద్రలో రాశాడా అని ఒళ్లు మండింది. నలభై మూడో పేజీలో తలుపు ఎర్రగా ఉంది. అప్పుడు అర్థమైంది. ఆమె అబద్ధమాడటం లేదు, చెప్పినప్పుడల్లా తలుపుకి కొత్త రంగు పడుతోంది. పుస్తకం మూశాను. మళ్లీ తెరిచాను. కూర్చోలేక చెప్పులేసుకుని అక్క ఇంటికి పోయాను.

అక్క బట్టలు ఆరేస్తోంది.

"అక్కా, బావకి దెబ్బ తగిలిన రోజు ఆసుపత్రిలో నీకేం చెప్పాను?"

"కుళాయి దగ్గర నీళ్లు తాగుతుంటే కేక వినపడిందన్నావు. పరిగెత్తుకొచ్చేసరికి జాలీ కింద పడుందన్నావు. ఏం, ఇప్పుడెందుకు?"

"ఫోర్‌మాన్ తీస్తుంటే చూశానని చెప్పలేదా?"

"అది మైకు పట్టుకున్నాక మొదలెట్టావు. నీకు మైకిస్తే నువ్వు పుట్టడం కూడా నువ్వే చూశానంటావు."

నాకు నవ్వు రాలేదు. అక్క చేతిలో తడిచొక్కా అలాగే ఉండిపోయింది. "ఒరేయ్, మరి సోమవారం?"

లోపల్నుంచి బావ అరిచాడు. "వాడి జ్ఞాపకంతో పనేంటే? జాలీ తీసినవాడు తన నంబరు బిళ్ల మేకుకి తగిలించాలిగా! ఆ నంబరు అప్పటికప్పుడు షిఫ్టు పుస్తకంలో ఎక్కుతుందిగా! ఆ పుస్తకమేదీ?"

పదకొండు నెలలు గొంతు చించుకున్నాను గానీ, ఆ పుస్తకం సంగతే ఎత్తలేదు. సిగ్గుతో చచ్చాను.

అందుకే ఇప్పుడు రాసిస్తున్నాను. జాలీ ఎవరు తీశారో నేను చూడలేదు. నా పాత వాంగ్మూలం కొట్టేయండి. షిఫ్టు పుస్తకంలో ఆ రోజు పేజీలో ఎవరి నంబరుందో నాకు తెలీదు, బావదే ఉంటే గేటు దగ్గర అదే మైకులో చెబుతాను. పుస్తకం మీ బీరువాలో ఉంది, తాళం మీ జేబులో ఉంది. సోమవారం దాకా ఆగేది లేదు. ఇవాళే, మా బావ ఎదురుగా, ఆ తేదీ పేజీ తెరవండి.