టోక్యోకు మంచి కాలం

“ఆగస్టులో ఎవురన్నా జపాన్‌కు పోతారా? ఎండకు మాడిపోతావు. మంచి కాలం చూసుకోని పోవల్ల గానీ,” అన్నాడు నిన్న పొద్దున మా ఆయన నాగరాజ్, నోట్లో బ్రష్షు పెట్టుకునే. “ముందు ఆకు కోసుకోని రా పో. పొద్దెక్కితే వాడిపోతాది.”

కొడవలి పట్టుకుని మల్బరీ తోటలోకి నడిచాను. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో నాకు ఎండ తగులుతుందని ఆయన దిగులుపడటం ఇదే మొదటిసారి. మే నెల మధ్యాహ్నాల్లో దిబ్బూరహళ్ళి పక్క ఈ ఎర్రనేల మీద కొమ్మలు కోస్తుంటే తగలని ఎండ టోక్యోలో తగులుతుందట. మొన్న సాయంత్రమంతా అరుగు మీద కూర్చుని ఫోన్‌లో అదే చూశాడు. టోక్యో చూడటానికి ఏప్రిల్ మంచిదట, నవంబర్ ఇంకా మంచిదట, ఆగస్టు మాత్రం వద్దట. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన మాటలు నాకు గట్టిగా చదివి వినిపించాడు. నేను అప్పుడు పట్టుపురుగుల కింద పేడ ఎత్తి బయట పారబోస్తున్నాను.

మా అర్పిత టోక్యోలో ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. నా కడుపున పుట్టింది అదొక్కతే. పోయినేడు వచ్చినప్పుడు ఒక కాగితం మీద పన్నెండు నెలలూ గళ్లు గీసి, టోక్యోలో ఏ నెల ఎట్లా ఉంటుందో తెలుగులో రాసి, పురుగుల ఇంట్లో ఉష్ణమాపకం పక్కన అంటించి పోయింది. “నువ్వు దినానికి పదిసార్లు చూసేది ఈ గోడనే కదమ్మా. దీన్నీ చూడు. ఏ నెల కావల్లో చెప్పు, టికెట్ నేను తీస్తా” అంది. మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మొదటివారందాకా చెట్లనిండా లేత గులాబీ పూలు. జూన్‌లో విడవని వాన. ఆగస్టు దగ్గర ‘ఉక్క, తుఫాన్లు, రావద్దు’ అని ఎర్రసిరాతో రాసింది. నవంబర్ ఆఖరుకు రోడ్ల పక్క చెట్లన్నీ పసుపు. జనవరిలో చలి, కానీ ఆకాశం కడిగినట్టుంటుంది, దూరాన మంచు కొండ కనిపిస్తుంది.

ఆ కాగితం పక్కన నా కాగితం ఒకటి ఉంది. దాన్ని ఎవరూ అంటించలేదు, నా తలలోనే ఉంది. ఏప్రిల్ అంటే వేడికి పురుగులు చావకుండా గోనెపట్టలు తడిపి కిటికీలకు కట్టే నెల. జూన్‌లో తోట కత్తిరించి ఎరువు వేయాలి. నవంబర్‌లో రాగి కోత. జనవరిలో చలి, పురుగులకు కుంపటి పెట్టి వెచ్చదనం చేయాలి. మధ్యలో మామ తద్దినం, ఊరి జాతర, ఆడబిడ్డ ఇంటి నామకరణాలు. పన్నెండు గళ్లలో ఒక్క గడీ కూడా ఖాళీగా దొరకలేదు. అక్కడ పూలు పూసినా ఆకులు రాలినా ఇక్కడ నేను ఆకు కోస్తూనే ఉంటాను.

నాకు సెలవులనేవి ఒకప్పుడు ఉండేవి. ముట్టయితే పురుగుల ఇంట్లో అడుగు పెట్టకూడదు, పురుగులకు రోగం తగులుతుందనేవాళ్లు. నెలకు మూడు రోజులు వెనక వసారాలో చాప మీద కూర్చునేదాన్ని. పళ్లెం విసిరినట్టు అన్నం పెట్టేవాళ్లు. అవమానమే, కాదనను. కానీ నిజం చెబుతున్నాను, ఆ మూడు రోజుల కోసం నెలంతా కాచుకునేదాన్ని. కాళ్లు చాపుకుని పడుకోవడం అక్కడే. అర్పితకు అక్షరాలు నేర్పింది ఆ వసారాలోనే.

తర్వాత పంట రెట్టింపు చేశారు. ఒక నెల, పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచే రోజునే నాకు ముట్టయింది. జ్వరమంటే పురుగు పొర విడిచే వేళ. ఒక దినమంతా మేత ముట్టకుండా తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. అట్లా నాలుగుసార్లు. నాలుగోసారి లేచిందంటే ఇక దాని ఆకలికి అంతులేదు, గూడు కట్టేదాకా ఏడెనిమిది దినాలు తోటకు తోట తెచ్చి పోయాలి. ఆ రోజు ఇంట్లో చేతులు చాల్లేదు. మా అత్త చెన్నమ్మ వసారాలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది: “తలమీద నాలుగు చెంబులు నీళ్లు పోసుకోని లోపలికి రామ్మా. ఎవురికీ చెప్పద్దు. గుడి పక్కకు మాత్రం పోవద్దు.”

వెళ్లాను. మేపాను. ఒక్క పురుగుకూ రోగం రాలేదు. ఆ నెల గూళ్లు మా ఊళ్లో ఎవరికీ రానంత గట్టిగా వచ్చాయి. ఆ రోజు నుంచి పురుగులకు నా మైల అంటడం మానేసింది, దేవుడికి మాత్రం ఇంకా అంటుతుంది. మా ఇంట్లో ఆచారం మారిందంటే నా మీద గౌరవంతో మారిందని ఎవరైనా అనుకుంటే వాళ్ల అమాయకత్వానికి దండం పెట్టాలి. పోయినేడు ముట్టు కూడా నిలిచిపోయింది. మా అత్త “పీడ వదిలె” అంది. నాకు మాత్రం ఆ వసారా, ఆ చాప గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

దగ్గు మొదలై మూడేళ్లయింది. ప్రతి పంటకూ ముందు ఇల్లంతా మందు కొట్టేది నేను, పురుగులు జ్వరానికి కూర్చుంటే పడక మీద సున్నం చల్లేది నేను. ఎండాకాలం దగ్గనీ చలికాలం దగ్గనీ తేడా లేకుండా అయింది. చింతామణిలో డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. “ఎన్నేండ్ల నుంచి పురుగుల ఇంట్లో చేస్తాండారు? ఒక నెలన్నా ఆ గాలికి దూరంగా ఉండండి. మందుల కంటే అది ముఖ్యం. ఇట్లే చేస్తాంటే ఊపిరితిత్తులు తిరిగి బాగు కావు” అంది. మా ఆయన అక్కడే ఉన్నాడు. బస్సెక్కాక, “డాక్టర్లు అట్లనే అంటారు. వాళ్లకేం తెలుసు రైతుల కష్టం” అన్నాడు. ఆ రైతుల్లో నేను ఉన్నానో లేదో అడగలేదు.

అర్పితకు చెప్పాను. “ఇంక కాలం గీలం చూడద్దు. ఏప్రిల్‌కు రా” అంది. బెంగళూరు వెళ్లి వేలిముద్రలిచ్చి పాస్‌పోర్టు తెచ్చుకున్నాను. అది పిలుపు కాగితాలు పంపింది. వీసా వచ్చింది. వచ్చిన మూడు నెలల్లోపల ఆ దేశంలో అడుగు పెట్టకపోతే అది చెల్లదు. ఏప్రిల్ నాలుగుకు టికెట్ తీసింది. ఆ తేదీకి సరిగ్గా పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. “నేనేం చేస్తునే? పసి పురుగులిచ్చే చాకీ వాళ్లు ఈ తేదీకే ఇచ్చిరి. పురుగుల్ని ఆకలికి చంపి పోతావా?” అన్నాడు మా ఆయన. చంపలేకపోయాను. పిల్ల ఫోన్‌లో గులాబీ పూల చెట్టు కింద ఒక్కతే నిలబడి, “ఏం కాదులేమ్మా” అంటుంటే నా చేతిలో ఆకు కొమ్మ ఉంది. వీసా గడువు దాటిపోయింది.

మళ్లీ అర్జీ పెట్టాం. జూన్‌లో రెండో వీసా వచ్చింది. సెప్టెంబర్ మొదటివారం దాటితే ఇదీ పోతుంది. ఆగస్టు పద్దెనిమిది సాయంత్రానికి టికెట్. జూలైలోనే తేదీ మా ఆయనకు చెప్పాను, ఈసారి పంట తేదీలు దూరంగా పెట్టమని రెండు చేతులూ పట్టుకుని అడిగాను. “సరేలే” అన్నాడు. ఆగస్టు ఏడో తేదీ చాకీ బండి ఇంటి ముందు ఆగింది.

చాకీ అంటే రెండు జ్వరాలు దాటించి ఇచ్చే పసి పురుగులు. వాటిని పెంచి అందరికీ ఇచ్చేది రామాంజినప్ప. పదిహేను దినాల ముందు చెప్పి తేదీ రాయించుకోవాలి. వచ్చిన పురుగుల్ని వెనక్కి తీసుకోరని తెలుసు, అయినా మర్నాడు ఫోన్ చేశాను.

“రామాంజినప్పా, ఈ చాకీని ఇంకెవురికన్నా ఇప్పించేదానికి అవుతాదా? నేను పద్దెనిమిదో తేదీ ఊరికి పోవల్ల.”

“అదేందమ్మా అట్లంటాండావు? మీకు ఇరవై అయిదో తేదీకి రాసుకోనుంటి. మీ ఆయప్పే వచ్చి, ఏడో తేదీకే కావల్ల అని వేరేవాళ్లది మార్పించుకోని పాయ. ఏప్రిల్‌లోనూ అంతే కదా. మీకేదో అర్జెంటు ఉండాదేమో, తొందరగా పంట దించుకోని పోతారేమో అనుకుంటి.”

ఫోన్ పెట్టేసి వేళ్ల మీద లెక్క వేశాను. చాకీ ఏడో తేదీకి వస్తే మూడో జ్వరం పది, పదకొండు. నాలుగోది పదిహేడుకు కూర్చుంటుంది, పద్దెనిమిది మధ్యాహ్నానికి లేస్తుంది. ఈ తేదీలు లెక్కపట్టడం మా ఆయనకు ఒకప్పుడు తెలియదు. పెళ్లయిన కొత్తలో, పురుగుల గురించి పది మందిలో మాట్లాడలేక సిగ్గుపడుతున్నాడని, నేనే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. ఇప్పుడు సర్కారు పట్టు ఇలాఖె వాళ్లు ఆయనను ‘ప్రగతిపర రైతు’ అని సభలకు పిలుస్తారు. నాకు కోపం వచ్చిందనడం చిన్న మాట. ఆ మనిషి పక్కన ఇరవై ఆరేళ్లు పడుకున్నందుకు ఒళ్లంతా రోత పుట్టింది.

అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు. ఆయనకు పురుగుల మీద ప్రేమ లేదు, నా మీద కోపం కూడా లేదు. నేను ఒక నెల లేకపోతే ఈ ఇల్లు ఎట్లా నడుస్తుందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అంతే. అందుకోసం నా ఊపిరితిత్తులు ఏమైనా ఫర్వాలేదు.

నిన్న పొద్దున అర్పితకు ఆయనే ఫోన్ చేశాడు. “మీ అమ్మకు ఆగస్టు ఎండ పడదు పాపా. నవంబర్‌కు మార్చు. చెట్లు పచ్చగా, పసుపుగా బాగుంటాయంట కదా.” ఆయన తోటలోకి వెళ్లాక అది నాకు చేసింది. “అమ్మా, నిజంగానే నవంబర్‌కు పెట్టేదా?”

“వద్దు. ఏదీ మార్చద్దు. మీ నాయనకు ఏమీ చెప్పద్దు” అన్నాను.

“ఇక్కడ చాలా ఉక్కమ్మా” అంది, ఏడుపు ఆపుకుంటూ.

నిన్న ఆకు తెచ్చి పోసేసరికే సగం పురుగులు తలలెత్తాయి. మధ్యాహ్నానికి అన్నీ జ్వరానికి కూర్చున్నాయి. మేసే చప్పుడు ఆగిపోయింది. సున్నం చల్లి, దగ్గుకుంటూ బయటికి వచ్చాను.

ఈ రోజు పద్దెనిమిది. పొద్దున్నే మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని చింతామణిలో రైతుల సభకు బయలుదేరాడు, నాలుగో జ్వరంలో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మాట్లాడటానికి. “మధ్యాహ్నానికి వస్తా. లేస్తే లేతాకు పెట్టు” అని నాకే చెప్పి పోయాడు.

పురుగుల ఇంట్లోకి వెళ్లాను. అరలనిండా తెల్లగా, తలలెత్తి, ఏ తప్పూ చెయ్యని ప్రాణాలు. వీటిని నేను కన్నబిడ్డ కంటే ఎక్కువగా మేపాను, ఆ మాట అర్పిత ముందు కూడా అనగలను. నూటికి తొంభై అయిదు లేచేదాకా మేత పెట్టకూడదు, లేచాక ఆలస్యం చెయ్యకూడదు. అవన్నీ రాసిపెడదామని పెన్ను తీసుకున్నాను. గోడ దగ్గర నిలబడ్డాను. రాయలేదు. గోడ మీది అర్పిత కాగితాన్ని మాత్రం మెల్లగా ఊడదీసి, మడిచి, సంచిలో పెట్టుకున్నాను.

అరుగు మీద మా అత్త కూర్చుని ఉంది. నలభై ఏళ్లు పురుగులు మేపి నడుము వంగిపోయిన మనిషి. నా చేతిలో పెట్టె చూసి ఆమెకు అర్థమైంది.

“ఆకు ఎవురు కోస్తారమ్మా?” అంది.

“నీ కొడుకు కోస్తాడు అత్తా.”

తిడుతుందనుకున్నాను. “మేము యాడికి పోతిమి,” అంది తనలో తను, రోడ్డు పక్కకు చూస్తూ. అది నన్ను ఆపడానికో, తన గురించి తను చెప్పుకోవడానికో నాకు తెలియలేదు. నిలబడి తేల్చుకునే టైము లేదు, బస్సొచ్చింది.

చిక్కబళ్ళాపురంలో దిగి వేరే బస్సెక్కాను. నంది కొండ పక్క నుంచి వెళ్తుంటే విమానాలు కిందికి దిగుతూ కనిపించాయి. ఇన్నేళ్లూ ఆకు కోస్తూ తలెత్తితే నా నెత్తిమీద నుంచే పోయేవి. ఒక్కసారి కూడా అవి మనుషుల్ని ఎక్కించుకుని పోతాయని, ఆ మనుషుల్లో నేనూ ఒకదాన్ని కావచ్చని అనిపించలేదు.

విమానాశ్రయంలో ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. నా చీర నుంచి సున్నం వాసన వస్తూనే ఉంది. భయమేసింది. పురుగులు లేస్తున్న వేళ ఇదే. వాటి ఆకలి ఎంత దూరంలో ఉన్నా నాకు తెలుస్తుంది. లేచి వెనక్కి పోదామని రెండుసార్లు పెట్టె పిడి పట్టుకున్నాను. రెండుసార్లూ దగ్గు వచ్చి, వంగిపోయి, మళ్లీ కూర్చున్నాను.

రెండు గంటలకు ఫోన్ మోగింది.

“యాడుండావే? పురుగులు లేచినాయి! అన్నీ తలలు ఎత్తుకోని చూస్తాండాయి. ఇంట్లో ఒక్క కొమ్మ లేదు!”

“విమానాశ్రయంలో ఉండా.”

“తలకాయ చెడిందా నీకు? నేనేం చెయ్యల్ల ఇప్పుడు?”

“ముందు ఆకు కోసుకోని రా పో,” అన్నాను.

“ఏయ్... ఎప్పుడొస్తావు?” ఆయన గొంతులో మొదటిసారి బెదురు విన్నాను.

గాజు గోడ అవతల ఎండ తెల్లగా కాస్తోంది. ఒక దగ్గు వచ్చి పోయేదాకా ఆగాను.

“మంచి కాలం చూసుకోని వస్తాలే.”