మంచులో కేకకు బదులు

పుష్యమాసంలో సముద్రం మీద మంచు దిగితే మా మైపాడులో పొద్దు లేచి కూడా కాసేపు ముసుగు తన్ని పడుకుంటుంది. ఈ మాట నేను చెబితే ఎవరూ నమ్మరు. మాలకొండయ్య మాట కదా అంటారు. అయినా వినడానికి మాత్రం చుట్టూ చేరతారు. నాకది చాలు.

అరవై ఒకటో సంవత్సరం అలాంటి మంచురోజుల్లోనే మా మిషను బడి పంతులు జీవానందంగారి కూతురు ఆనందకుమారికి సీమలో నర్సు చదువుకు పిలుపొచ్చింది. లండను దాటి ఇంకా పైకి పోవాలట. ఊరంతా సలహాలే. మందపాటి మేజోళ్ళు ఒక జత కన్నా పలచనివి రెండు జతలు ఒకదానిమీద ఒకటి తొడుక్కుంటే చలి ఆగుతుందని ఒకరన్నారు. అది నిజమేనట. నేను వెళ్ళేసరికి తల్లి రెబెక్కమ్మ ట్రంకుపెట్టెలో చీరల మధ్య ఎండు నెత్తళ్ళ చేపల మూట దూరుస్తోంది.

"అమ్మాయ్, ఆ మూట బయటికి తియ్యి" అన్నాను.

"ఏం మామా? బిడ్డ అక్కడ ఏం తింటాది?"

"ఎనకటికి ఒకాయన ఇట్టాంటి మూటతోనే ఓడెక్కినాడు. వాసనకి సముద్రపు కాకులన్నీ వచ్చి తాళ్ళు ముక్కున కరుచుకొని ఓడను కొలంబోదాకా లాక్కపోయినాయి. బొగ్గు మిగిలిందని కెప్టెను సంబరపడినాడు. ఆనక ఎంత తోలినా పోకుండా ఆయన మంచం మీదే కాపురం పెట్టినాయి!"

రెబెక్కమ్మ నవ్వి మూట తీసేసింది. పిల్ల మాత్రం నవ్వలేదు. నా వెనకాలే ఇసకలో నడిచి వచ్చి, సరుగుడు తోపు దాటాక చెప్పింది.

"తాతా, నేను పోను. రేపు సాయంత్రం నాయనకి చెప్పేస్తా."

"ఏమైందమ్మే?"

"మద్రాసు ఆస్పత్రికి నర్సు పరీక్షకి పోయినప్పుడు సబ్బు కొనుక్కుందామని గేటు దాటినా. తిరిగి రావడానికి దారి తెలియలా. పొద్దుగూకిందాకా తిరగతానే ఉన్నా."

"ఎవుర్నీ అడగలేదా?"

"పంతులుగారి కూతురికి దారి తెలియదంటే నవ్వరా?"

"మరెట్టా చేరినావు?"

"కాళ్ళు పీకి ఒక గోడకి ఆనుకొని కూర్చున్నా. అది ఆస్పత్రి గోడే." నేను నవ్వాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అక్కడ ఏ గోడ దొరుకుతాది తాతా?" అంది. ఆ తర్వాత, "ఒక్కసారి సముద్రం మీదనుంచి మనూరు చూపియ్యి. చూసి ఉండిపోతా" అంది.

ఆడపిల్లను తెప్ప ఎక్కించకూడదంటారు మావాళ్ళు. సముద్రం కూడా ఆడదే కదా, ఏమీ అనుకోదులే అన్నాను. మర్నాడు తెల్లవారగానే అలలు దాటి లోపలికి పోయాం. తడిసిపోయి మొదటిసారి నవ్వింది. దూరం నుంచి ఊరు ఎవరో కల కంటూ గీసినట్టుంది. గుడిసెలు కరిగాయి, చర్చి శిఖరం కరిగింది, తాటిచెట్ల తలలు మాత్రం గాల్లో తేలాయి. అంతలో మంచు కమ్మి అవీ పోయాయి. నీళ్ళేవో ఆకాశమేదో తెలియలేదు. తెడ్డు నుంచి రాలే చుక్కలు కూడా ఎంతో ఆలోచించుకొని పడుతున్నట్టున్నాయి.

"ఒడ్డు యాడ తాతా?"

"నాకేం తెలుసు? ముసలి కళ్ళు" అని తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాను. నిజంగా నాకు తెలుసో లేదో ఇప్పటికీ చెప్పను.

సముద్రం మీద వేటకు పోయే మా పల్లెకారులకు ఒక కట్టుబాటుంది. మంచులో దారి తప్పినవాడు ముందు తన పేరు, ఊరు చెప్పి ఆ తర్వాత దారి అడగాలి. విన్నవాడు బదులు పలికి తీరాలి, వాడు పగవాడైనా సరే. మంచు విడిచాక కావాలంటే మళ్ళీ పగ పట్టుకోవచ్చు. అదే దానికి చెప్పాను.

"నువ్వే కేకెయ్యి తాతా."

"నా గొంతు మంచుకి ముడుచుకొని కడుపులోకి పోయిందమ్మే."

ఎక్కడో తెడ్డు చప్పుడైంది. పిల్ల పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆ చప్పుడు దూరమవుతోంది. అప్పుడు ఒక్కసారిగా లేచి నిలబడింది. తెప్ప ఊగింది.

"నేను ఆనందకుమారిని! మైపాడు పంతులు జీవానందంగారి కూతుర్ని! దారి తెలియడంలా! ఒడ్డు ఏ పక్క?"

చప్పుడు ఆగింది. మంచే ఆలకిస్తున్నట్టనిపించింది.

"నేను చిన్నపోలయ్యను!" అని బదులొచ్చింది. వలల తగాదాతో ఆ మనిషికీ నాకూ ఏడాదిగా మాటల్లేవు. "భయం లేదమ్మా, నా గొంతెమ్మట రా! నీ ఎనకాల ఆ అబద్ధాలాయన ఉండాడా?"

"ఉండాడన్నా!"

"ఆయనకి నేను బదులు చెప్పలా. నీకే చెప్పినా!"

"నేనూ అడగలేదులేరా!" అన్నాను, కడుపులోనుంచి గొంతు బయటికొచ్చి.

చిన్నపోలయ్య హో, హో అని పిలుస్తూనే ఉన్నాడు. ఆనందకుమారి తెడ్డు తీసుకొని ఆ పిలుపు వెంబడి వంకరటింకరగా వేసింది. వెనక కూర్చుని నాకు తోచినవి చెప్పాను. ఆకలిమీద ఇంటికి ఉత్తరం రాయొద్దు, తిన్నాక రాయి. ఆ దేశంలో చలికి దీపం వెలుగు కూడా పిల్లిలాగా మంచం కింద ముడుచుకుంటుంది, దాన్ని బుజ్జగించి పిలుచుకోవాలి. రెండోది నమ్మలేదు. మొదటిది మళ్ళీ చెప్పమంది. మంచు చిరిగి తాటితలలు కనబడేసరికి దాని అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఆ సాయంత్రం వాళ్ళ నాయనకి చెప్తానన్న మాట చెప్పనేలేదు.

బయలుదేరే రోజు బస్సు దగ్గర ఊరంతా చేరింది. మా ఊరి బస్సు నెల్లూరికి తప్ప ఇంకెక్కడికీ పోదు. పిల్లకు అది పుట్టినప్పటినుంచీ తెలుసు. అయినా మెట్టు మీద కాలు పెట్టి కండక్టరు హజరత్తయ్యతో అందరికీ వినబడేట్టు అంది:

"అన్నా, నేను ఆనందకుమారిని, పంతులుగారి కూతుర్ని. ఈ బస్సు నెల్లూరికి పోతుందా?"

జనం గొల్లుమన్నారు. రెబెక్కమ్మ ఏడుస్తూనే నవ్వింది. పిల్ల తల దించుకోలేదు, బదులు కోసం అలాగే నిలబడింది.

"పోతుందమ్మే. కూర్చో, దిగేచోటు నేను చెప్తాలే" అన్నాడు హజరత్తయ్య.

"పోయొస్తా తాతా!"

బస్సు లేపిన దుమ్ము మంచులాగే దారంతా కమ్మింది. అందులో బస్సు కనబడలేదు. అప్పుడు నా పక్కనుంచి చిన్నపోలయ్య, నా మొహం చూడకుండానే, నోటికి చేతులు అడ్డం పెట్టుకొని హో అని పిలిచాడు. దుమ్ములోనుంచి సన్నగా బదులొచ్చింది.