అమ్మ తెలుగులో తప్పు

"బావా, కాస్త కుచ్చిళ్ళు పట్టుకో" అని గదిలోంచి వల్లీ కేకేసింది. తులసి పిండి చేతులు కడుక్కుని వెళ్ళి, తమ్ముడి భార్య కాళ్ళ దగ్గర కూర్చుని కుచ్చిళ్ళు సరిచేసింది. బావగారి చేత చీర కుచ్చిళ్ళు పట్టించుకునే కోడలు డర్బన్ పక్కనున్న ఈ షాల్‌క్రాస్ మొత్తం వెతికినా మరొకతె దొరకదు. పని దగ్గర తులసి ఆడదని వల్లీకి బాగానే తెలుసు. పిలుపు దగ్గరే మరిచిపోతుంది.

ఐడీ బుక్కులో తులసి పేరు గోవిందసామి, మగ. డర్బన్ పత్రికలో కథలు రాసేది మాత్రం తులసి అనే. తొంభై ఆరులో, తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త రాజ్యాంగం వచ్చి, అందరూ సమానమే అంటే ఆశపడి లాయరు దగ్గరికి పోయింది. "పేరు మార్చుకోవచ్చు. మగ అన్నచోట ఆడ అని రాయించుకునే చట్టం ఇదివరకు ఉండేది. దాన్ని తొంభై రెండులోనే ఎత్తేశారు" అన్నాడాయన జాలిగా. దేశానికంతటికీ తలుపులు తెరుస్తున్న ఏళ్ళలోనే తన తలుపొక్కటి చప్పుడు కాకుండా మూసేశారన్నమాట. ఇక దేవుడి సంగతీ అంతే. ప్రసాదం తను వండాలి, హారతి పళ్ళెం తను తోమాలి, తీరా హారతి వేళకి మగవాళ్ళ వరసలో పోయి నిలబడాలి.

ఆమెకి మిగిలిందల్లా అమ్మ తెలుగు. ముత్యాలమ్మ చెరుకు తోటల కూలీ బ్యారక్స్‌లో పెరిగిన మనిషి. ఆవిడ మాటలో మగా ఆడా తేడా లేదు, ఎవరొచ్చినా "ఒచ్చింది" అనే. తులసి బడి నుంచి రాగానే "గోవిందొచ్చింది, అన్నం ఎట్టండి" అనేది. తమ్ముడు ప్రెగ్గీ వచ్చినా అదే మాట. అది తప్పు తెలుగని తర్వాత తెలిసినా, తులసి ఇన్నేళ్ళూ ఆ ఒక్క తప్పునే పట్టుకుని బతికింది.

ఆ ఆదివారం ఇంట్లో భజనకి సరోజిని వచ్చింది. విజయవాడ మనిషి, డర్బన్‌లోనే అవోకాలో కొత్తగా కాపురం పెట్టి ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పుతోంది. ప్రెగ్గీ గుమ్మంలోకి రాగానే ముత్యాలమ్మ "పెగ్గీ ఒచ్చింది" అంది. సరోజిని పకపకా నవ్వింది.

"మామ్మగారూ, మగపిల్లాణ్ణి పట్టుకుని వచ్చింది అంటారేమిటండీ! వచ్చాడు అనాలి."

అందరూ నవ్వారు. ప్రెగ్గీకి హుషారొచ్చింది. "హే మా, సే ఇట్! గోవింద వచ్చాడు. కమాన్, మా!" అన్నాడు, తులసి వైపు వేలు చూపించి మరీ. వల్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉన్న ఒక్క మాటనీ లాగేసుకుంటున్నారనుకుంది తులసి.

భజన అయ్యాక సరోజినిని దింపడానికి ప్రెగ్గీ కారు తీశాడు. తులసి అమ్మకి తల దువ్వుతూ, "నువ్వూ నేర్చుకుంటావా ఆ మాట?" అంది కసిగా.

"నేర్సుకునేదేటే, నాకు రాకనా?" అంది ముసలామె. "నువ్వు పుట్టకముందు మగోళ్ళని ఒచ్చినాడనే అనేదాన్ని. నువ్వు ఆడపిల్లవని కనిపెట్టినాక, నిన్నొక్కదాన్నే ఒచ్చిందంటే మీ నాయన సంపేస్తాడని, అందరికీ అదే మాటన్నాను."

దువ్వెన ఆగిపోయింది. ఏడుపు రావలసింది, తులసికి కోపం వచ్చింది. కూతురి చాకిరీ పట్టపగలు చేయించుకుంది, కూతురన్న మాట మాత్రం దొంగసొత్తులా నలుగురి మధ్యా దాచి ఇచ్చింది ఈ తల్లి. నాయన పోయి ఏళ్ళయింది. ఇంకా ఎవరికి భయం?

"ఇకమీదట ప్రెగ్గీని వచ్చాడు అను అమ్మా. నన్ను మాత్రం వచ్చింది అనే అను."

"అట్టాగంటే నీ గుట్టు బయటపడిపోద్ది గదే."

"పడనీ."

వాకిట్లో కారు ఆగింది. ముత్యాలమ్మ గుమ్మం వైపు తల తిప్పింది.

"పెగ్గీ ఒచ్చినాడు" అంది, ఇల్లంతా వినబడేలా.

ప్రెగ్గీ గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపలి గదిలోంచి వల్లీ ఎప్పటిలాగే కేకేసింది. "బావా, టీ!"

తులసి అమ్మ జుట్టు మూడు పాయలు తీసి జడ మొదలుపెట్టింది.

"ఇక్కడ బావెవరూ లేరు వల్లీ. మీ ఆయన వచ్చాడుగా, టీ పెట్టమను."