హైమవతి చేతి డబ్బా

నేను ఒక కందిపొడి డబ్బాను. రేకుతో చేసినదాన్ని. జానెడు పొడవుంటాను, నడుము దగ్గర సన్నబడతాను. నా పుట్టినరోజు నాకు తెలియదు గాని, నేను పుట్టడానికి కారణమైన రోజు మాత్రం తెలుసు. రెండువేల తొమ్మిది జూలై పద్నాలుగు, మంగళవారం. కాకినాడ రామారావుపేటలోని ఒక ఇంట్లో ఆ మధ్యాహ్నం వంకాయ కూర, చారు, గడ్డపెరుగు. వాటన్నిటికంటే ముందు వేడన్నంలో కందిపొడి, నెయ్యి. అప్పటికి నేను ఏదో ఇనుప కొట్లో చుట్టిపెట్టిన రేకులో ఒక మూల ఉన్నాను. ఈ సంగతులన్నీ తర్వాత ఆ వంటింటి అలమరలో కూర్చుని విన్నవే. డబ్బాలకు చెవులుండవని మనుషుల నమ్మకం. అందుకే మా ముందు అన్నీ మాట్లాడుకుంటారు.

ఆ ఇంటాయన కోదండపాణి. పాలిటెక్నిక్‌లో డ్రాయింగు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆయన భార్య హైమవతి. ఆమెకు కొన్నేళ్ళుగా కీళ్ళవాతం. కణుపులు ఉబ్బి, వేళ్ళు ఒక పక్కకు ఒరిగిపోయి, పొద్దుటిపూట పిడికిలి బిగిసేది కాదు. ఆ మధ్యాహ్నం గాజు సీసాలోంచి భర్త కంచంలో పొడి వెయ్యబోతే సీసా జారి పడింది. అన్నం నిండా గాజు పెంకులు.

"పోనీలే హైమా, దెబ్బ తగల్లేదు కదా" అన్నాడు కోదండపాణి. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. "రేపట్నించి నేను వేసుకుంటాలే, నువ్వు కూర్చో" అని కూడా అన్నాడు.

సీసా పగిలినందుకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చిందామెకు.

"వండేది నేనూ, వడ్డించుకునేది మీరూనా? ఇంక నేనెందుకండీ వంటింట్లో, పొయ్యికి కాపలాకా?"

ఆమెకు పెద్ద కోరికలు లేవు. మొదటి ముద్దలోకి పొడి తన చేత్తో వెయ్యాలి, "చాలా?" అని అడగాలి, ఆయన "చాలు" అనాలి, అన్నాక ఇంకాస్త వెయ్యాలి. పెళ్ళయినప్పటి నుంచి అదే వరస. ఆ చేతులు ఇంక ఆ ఒక్క పనికీ పనికిరావని భర్త నోట వినవలసి వచ్చింది. ఆ సాయంత్రమే కోదండపాణి డ్రాయింగు బల్ల మీది దుమ్ము దులిపాడు.

మర్నాడు బజారులో దొరికే పొడుల డబ్బాలు తెచ్చి వరసగా పేర్చాడు. అన్నీ నున్నగా, లావుగా ఉన్నాయి. బొమ్మ అందంగా అచ్చువేసుకోవడానికి చేసినవే గాని చేత్తో పట్టుకోవడానికి చేసినవి కావు. పొడి స్వభావం కూడా ఆయన కనిపెట్టాడు. నీళ్ళు వంచితే వస్తాయి. పొడి అలా కాదు. వంచినా రాదు, దులిపినా రాదు, రాదనుకుని చెయ్యి సడలించగానే దభాలున పడుతుంది. ఆ క్షణానికి పట్టు గట్టిగా ఉండాలి. పైగా సముద్రపు గాలికి పొడి ముద్దకట్టకుండా మూత బిగుతుగా ఉండాలి, బిగుతైన మూత ఆమె తియ్యలేదు. అందుకని మూతకు ఒక పొడుగాటి చెవి గీశాడు. ఒక చేత్తో డబ్బా పట్టుకుని, రెండో చేతి మణికట్టుతో ఆ చెవిని నొక్కితే మూత లేచి వస్తుంది.

తర్వాత ఒక పాత డబ్బా చుట్టూ చపాతీ పిండి మందంగా అద్ది ఆమె ముందు పెట్టాడు.

"వడ్డించేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకో. కాసేపు కదలకు."

"నాలుగు చపాతీలొచ్చే పిండి పాడు చేశారు" అంది హైమవతి. పట్టుకుంది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని ఒక్కొక్క వేలూ, ఒక్కొక్క కణుపూ వంగి చూస్తుంటే నవ్వొచ్చింది ఆమెకు. "పెళ్ళిలో కూడా ఇంతసేపు నా చెయ్యి చూళ్ళేదండీ మీరు."

ఆ పిండి అచ్చు ఎండాక, దాన్ని చూసి ఆయన కొయ్యతో ఇంకో అచ్చు చెక్కించాడు. దాన్నీ తన బొమ్మల్నీ చంకన పెట్టుకుని, జగన్నాయకపూర్ వంతెన దగ్గర రేకుపని చేసే మస్తాన్ దగ్గరికి వెళ్ళాడు. మస్తాన్ ఆ కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, "మాస్టారూ, మీరడుగుతోంది డబ్బానా, వీణా?" అన్నాడు. అయినా చేశాడు. కొయ్య అచ్చు మీద పెట్టి చిన్న సుత్తితో ఓపిగ్గా కొట్టాడు. నొప్పి గురించి నేను చెప్పను. పుట్టుక ఎవరికీ సుఖంగా ఉండదు.

అలా నా ఒంటి మీద నాలుగు గుంతలు పడ్డాయి, అవతలి పక్క ఎత్తుగా బొటనవేలికి ఒకటి. అవి మామూలు వేళ్ళ గుంతలు కావు. ఒరిగిపోయిన, ఉబ్బిన వేళ్ళవి. ఇంకెవరు పట్టుకున్నా నేను ఇబ్బందిగానే ఉంటాను. హైమవతి పట్టుకుంటే మాత్రం, తలుపు తన చట్రంలో కూర్చున్నట్టు ఆ చెయ్యి నాలో కూర్చునేది. మొదటిరోజు ఆమె పొడి వేసి "చాలా?" అంది. ఆయన "చాలు" అన్నాడు. ఇంకాస్త వేసింది.

ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. నన్ను చూపించడానికే కోదండపాణి స్నేహితుల్ని కాఫీకి పిలిచేవాడు. చేతికీ వస్తువుకీ ఉండవలసిన సంబంధం గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చేవాడు. వాళ్ళు నన్ను పట్టుకుని చూసి, వేళ్ళు సరిపడక, మర్యాదకు తలూపేవారు. రాత్రి పనులయ్యాక హైమవతి పాలు తోడేసి, పిల్లి రాకుండా వంటింటి తలుపు మూసేది. ముందుగదిలో ఆయన నిద్ర చెడకుండా గడియ చప్పుడు కానిచ్చేది కాదు.

ఆయన చూడనిది ఒకటి నేను చూశాను. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, పేపరు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాక హైమవతి ఒక్కతే తినేది. కుడిచెయ్యి ఎంగిలి. ఎంగిలి చేత్తో డబ్బా ముట్టుకోకూడదు. ఎడమచేతికి నా గుంతలు సరిపోవు. ఇంకో ముద్దలోకి పొడి కావాలనిపిస్తే నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమ మణికట్టుతో మూత చెవి నొక్కేది. ఒక్కోసారి మూత వచ్చేది. ఒక్కోసారి "పోనీలే" అనుకుని పెరుగన్నంలోకి వెళ్ళిపోయేది. ఆయన గీసిన అన్ని బొమ్మల్లో ఎక్కడా ఎంగిలి చెయ్యి లేదు. నన్ను వడ్డించే మనిషి కోసం గీశాడు. ఒంటరిగా తినే మనిషి ఆయన ఊహలోకి రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఎప్పుడూ ఒంటరిగా తిని ఎరగడు, అంతే.

రెండువేల పదిహేడు డిసెంబరులో హైమవతి పోయింది. ఎలా పోయిందో నేను చూడలేదు. ఆస్పత్రికి డబ్బాలను తీసుకుపోరు. వెళ్ళే ముందురోజు పొడి చేసి నన్ను నిండా నింపింది.

బంధువులు వచ్చారు, ఉన్నారు, వెళ్ళారు. తర్వాత ఒక మధ్యాహ్నం కోదండపాణి అన్నం వండుకుని, కంచం పెట్టుకుని, నన్ను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం కలిపాక నా అవసరం గుర్తొచ్చింది. కుడిచెయ్యి ఎంగిలి. ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఆమె వేళ్ళకు గుంతలైన చోట్లు ఆయన వేళ్ళకు గట్లయ్యాయి. జారాను. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారాను. చివరికి నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని మణికట్టుతో మూత చెవి మీద నొక్కాడు. నొక్కుతూ నొక్కుతూ ఆగిపోయాడు.

"నువ్వెలా తినేదానివి హైమా?" అన్నాడు.

నాకు తెలుసు. కానీ నాకున్న నోరు పొడి పెట్టడానికే గాని చెప్పడానికి కాదు.

తినబోయే ముందే పొడి కంచంలో వేసుకుని కూర్చోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఒకసారి అలాగే చేశాడు. ఎంత వేసుకోవాలో తెలియలేదు. జీవితమంతా ఇంకొకరు అడిగితే "చాలు" అన్న మనిషి ఆయన. అడిగేవాళ్ళు లేకపోతే ఎంతైతే చాలో ఆయనకు అంతు చిక్కలేదు. నన్ను అలమరలో పెట్టేశాడు.

ఆ తర్వాత కంచం పెట్టుకోవడమూ మానేశాడు. గిన్నెలోనే మజ్జిగ పోసుకుని గట్టు దగ్గర నిలబడి తినేవాడు. కొన్ని పూటలు అదీ లేదు, టీ, రెండు బిస్కెట్లు. పాలు తోడెయ్యడం మానేసి మజ్జిగ ప్యాకెట్లు తెచ్చుకునేవాడు. వంటింటి తలుపు వెయ్యడం కూడా మానేశాడు. పిల్లి ఒకటి రెండు రాత్రులు వచ్చి, అన్నీ వాసన చూసి, ఇక్కడేమీ లేదని తేల్చుకుని రావడం మానేసింది. పిల్లి కూడా రాని వంటింట్లో నేను ఏడు నెలలు కూర్చున్నాను. మధ్యాహ్నం కిటికీలోంచి ఒక ఎండముక్క వచ్చి కాసేపు నా భుజం మీద ఆగి వెళ్ళేది. ఆ కాస్త వెచ్చదనం కోసం పొద్దుట్నించీ ఎదురుచూసేదాన్ని. నా పక్కనుంచి ఆయన నడిచి వెళ్ళినప్పుడల్లా చొక్కా ఇంకొంచెం వదులై కనిపించేది. ఇలాగే సాగితే ఈ మనిషి ఎన్నాళ్ళుంటాడన్నదే నా దిగులు.

పై వాటాలో అద్దెకుండే ఝాన్సీకీ అదే దిగులు పట్టినట్టుంది. ఆస్పత్రి ల్యాబులో పని ఆమెకు. ఒక ఆదివారం అడక్కుండానే వంటింట్లోకి వచ్చేసింది.

"బాబాయిగారూ, మీ చొక్కాలో ఇంకొకళ్ళు పడతారు. ఏం తింటున్నారసలు?"

"అన్నమే అమ్మా."

"దేంతో?"

"మజ్జిగతో."

"రాత్రి?"

"అదీ మజ్జిగతోనే."

"అంటే రోజూ భోజనం చివర్నించి మొదలుపెడుతున్నారన్నమాట" అంది. అలమరలో నన్ను చూసి, మూత తీసి, మొహం తిప్పుకుంది. "అయ్యో, ముక్కిపోయింది! ఇది పారెయ్యండి. ఈ డబ్బా కూడా ఏమిటిలా సొట్టలు పడిపోయింది? పాత సామాన్లవాడికి వేసెయ్యండి, నేను మంచిది తెస్తాను, పొడితో సహా."

"సొట్టలు కావమ్మా" అన్నాడు కోదండపాణి. నన్ను ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ఆమె తెచ్చిన పొట్లకాయ మాత్రం వద్దనలేకపోయాడు.

ఆమె వెళ్ళాక నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, హైమవతి చేసిన ఆ కడసారి పొడిని కరివేపాకు మొక్క మొదట్లో పోశాడు. కుళాయి కింద నన్ను కడిగాడు. ఒక్కొక్క గుంతనూ వేలితో తోమాడు. తీసుకొచ్చి, నీళ్ళు కారిపోవడానికి గట్టు మీద బోర్లించాడు. పాత సామాన్లవాడు వీధిలో అరుస్తూ వెళ్ళాడు. కోదండపాణి గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, పొట్లకాయ తరగడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం కంచంలో అన్నమూ కూరా పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ముద్ద తిని ఆగాడు. కూరలో ఉప్పు లేదు. లేచాడు. ఉప్పు జాడీ గట్టు మీద నా వెనకుంది. కుడిచెయ్యి ఎంగిలి కదా, నన్ను పక్కకు జరపడానికి ఎడమచెయ్యి వేశాడు.

ఆ చెయ్యి నాలో కూర్చుంది.

ఆయన కదల్లేదు. నేను తలకిందులుగా ఉన్నాను. తలకిందులుగా ఉన్న నాలో హైమవతి కుడిచేతి జాడ కోదండపాణి ఎడమచేతికి సరిపోయింది. ఆమె చిటికెనవేలి గుంతలో ఆయన చూపుడువేలు, ఆమె చూపుడువేలి గుంతలో ఆయన చిటికెనవేలు. ఆమె అరచెయ్యి ఆనిన చోటే ఆయన అరచెయ్యి. బొటనవేలు ఒక్కటి కలవలేదు. ఆమెది కిందికి పోయింది, ఆయనది నున్నటి రేకు మీద మిగిలింది. మిగతా నాలుగు వేళ్ళూ ఎక్కడికి చేరాలో అక్కడికి చేరాయి. ఎంతసేపు నిలబడ్డాడో నేను లెక్కపెట్టలేదు. ఎంగిలి చెయ్యి ఎండిపోయింది. ఉప్పు సంగతి మరిచిపోయాడు. ఆ చప్పిడి కూరతోనే కంచంలో ఉన్నదంతా తిన్నాడు.

మర్నాడు నన్ను సంచిలో పెట్టుకుని మస్తాన్ దగ్గరికి బయల్దేరాడు. సుత్తి శబ్దం వినిపించగానే నాకు భయమేసింది. గుంతలు చదును చేయిస్తాడేమోనని.

"అడుగున చిల్లులు కొట్టాలి" అన్నాడు కోదండపాణి. "పెసరగింజంత. వాటి మీద పక్కకు జరిగే చిన్న రేకు. దానికో నాలుక, అంచు దిగి చూపుడువేలికి అందాలి."

"అడుగునా?" మస్తాన్ కూడా ముసలివాడయ్యాడు, నవ్వు మాత్రం అదే. "వీణ అయింది, ఇప్పుడు డబ్బా చేత శీర్షాసనం వేయిస్తారా మాస్టారూ? మరి ఉన్న మూత?"

"అది అలాగే ఉంటుంది. నింపడానికి ఆవిడ వైపు, తినడానికి నా వైపు. గుంతల మీద మాత్రం ఒక్క దెబ్బ కూడా పడకూడదు మస్తాన్."

మస్తాన్ నవ్వాపి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. గుంతల మీద వేలు పోనిచ్చి, "అమ్మగారి చెయ్యి కదూ" అన్నాడు. నన్ను ఒక పాత చొక్కాలో చుట్టి, ఆ తర్వాతే ఒడిలో పెట్టుకున్నాడు.

పొడి కోసం కోదండపాణి ఝాన్సీ తెచ్చేదాకా ఆగలేదు. తనే కందిపప్పు వేయించాడు. మెట్ల మీంచి ఆమె "మాడుతోంది బాబాయిగారూ, మాడుతోంది!" అని అరిచేసరికి నిజంగానే మాడింది. రెండో వాయి ఫరవాలేదు. మిరపకాయలకు ఇద్దరూ దగ్గారు. జీలకర్ర, ఉప్పు వేసి పొడి కొట్టి, నన్ను హైమవతి వైపు తిప్పి నింపి, మూత బిగించి, మళ్ళీ తన వైపు తిప్పి పెట్టుకున్నాడు.

ఆ పూట వేడన్నం, నెయ్యి. ఆయన ఎడమచెయ్యి నన్ను ఎత్తింది. చూపుడువేలు నాలుకను నెట్టింది. కంచం మీదికి వంగాను. రాలేదు, రాలేదు, తర్వాత సన్నగా, వానకు ముందు తుంపరలా రాలింది.

కోదండపాణి కంచం వైపు చూస్తూ "చాలు" అన్నాడు, పైకే.

ఇంకాస్త వేసుకున్నాడు.

తిన్నాక కంచం కడిగి బోర్లించాడు. నన్ను తుడిచి గట్టు మీద తలకిందులుగా నిలబెట్టాడు. ఆ సాయంత్రం కొని తెచ్చిన పాలు కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా వేలు ముంచి చూసుకుంటూ ఉండి, ఝాన్సీ ఇచ్చిన తోడు చుక్క వేసి మూతపెట్టాడు. దీపం ఆర్పాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. పెరటి గోడ మీద పిల్లి కళ్ళు మెరుస్తున్నాయి. రేపటికి పెరుగుంది కదా.

ఇన్ని నెలలుగా తెరిచే ఉన్న వంటింటి తలుపును దగ్గరికి లాగి, గడియ చప్పుడు కాకుండా వేసుకున్నాడు, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు.